టీవీలో స్కోప్ సినిమాను అంచు తెగకుండా చూడాలంటే

ఒక గదిలో ఇద్దరున్నారు. ఎడమ చివర గోడకు ఆనుకుని ఒకరు, కుడి చివర కిటికీ దగ్గర మరొకరు. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద ఏమీ లేదు. వాళ్ల మధ్య మాటలు ఆగిపోయి చాలా కాలమైందని ఆ ఖాళీ బల్లే చెప్పేస్తుంది. పెద్ద తెర మీద ఈ సీను చూసిన కొన్నేళ్లకు అదే సినిమా టీవీలో వస్తే ఇష్టంగా కూర్చున్నాను. ఎడమవైపు సగం చెవి, కుడివైపు ఒక భుజం, నడుమ నిండుగా బల్ల. గొంతులు వినిపిస్తున్నాయి, మాట్లాడేవాళ్లు మాత్రం తెర మీద లేరు. మా ఇంట్లో ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు, ఎందుకంటే టీవీ నిండా బొమ్మ ఉంది.

అప్పటి నుంచి టీవీలో ఏ సినిమా మొదలైనా నా కళ్లు ముందు అంచుల మీదికే వెళ్తాయి. కోత ఎక్కడ పడుతోంది, అది మన టీవీ తప్పా ఛానల్ తప్పా, మన చేతిలో ఉన్నదాన్ని ఎలా సరిచేసుకోవాలి, ఛానల్ చేతిలో ఉన్నదాన్ని ఎలా అడగాలి అన్నవి ఇన్నేళ్లలో నేర్చుకున్నాను. అవన్నీ ఒక వరుసలో చెబుతాను. మీకు కావలసినవి రిమోట్, ఒక కొలత టేపు, ఒక సాయంత్రం.

ముందు కొలతలు తెలుసుకోండి

బొమ్మ వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చేదే యాస్పెక్ట్ రేషియో. పాత డబ్బా టీవీ 4:3, అంటే 1.33. ఇప్పటి టీవీ 16:9, అంటే 1.78. సినిమాలకు మాత్రం ఒకటే కొలత లేదు. మూకీల కాలంలో 1.33 ఉండేది, 1932లో హాలీవుడ్ దాన్ని 1.37గా స్థిరపరిచింది. టీవీలు వచ్చినప్పుడు దాదాపు ఆ ఆకారాన్నే తీసుకున్నాయి. టీవీ వల్ల జనం థియేటర్లకు రావడం తగ్గేసరికి సినిమా తన తెరను పక్కలకు సాగదీసుకుంది. 1952లో మూడు ప్రొజెక్టర్లతో సినెరామా వచ్చింది, 1953లో సినిమాస్కోప్ వచ్చింది, పొట్టిగా స్కోప్ అనేది దాన్నే. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ క్రెట్యాఁ 1920లలోనే తయారుచేసిన లెన్సు దీనికి మూలం. షూటింగ్‌లో ఆ లెన్సు విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా నొక్కి మామూలు ఫిల్మ్‌లోనే పట్టిస్తుంది, థియేటర్లో ఇంకో లెన్సు దాన్ని మళ్లీ విప్పుతుంది. మొదట్లో 2.55 ఉన్న ఆ వెడల్పు తర్వాత 2.35 అయింది, ఇప్పటి స్కోప్ సినిమాలకు 2.39 ప్రమాణం. 70 ఎంఎం సినిమాలు ఎక్కువగా 2.20. స్కోప్ కాని సినిమాలకు అమెరికాలో 1.85, యూరప్‌లో 1.66 అలవాటు.

మరి మన టీవీకి 16:9 ఎక్కడి నుంచి వచ్చింది? 1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజినీరు ఈ కొలతలన్నిటినీ ఒకే విస్తీర్ణంతో దీర్ఘచతురస్రాలుగా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. వాటన్నిటికీ సర్దుబాటుగా తేలిన ఆకారం దాదాపు 1.77. అన్ని రకాల సినిమాలనూ వీలైనంత తక్కువ ఖాళీతో ఇమిడ్చుకోవడానికి కుదిర్చిన మధ్యేమార్గం అది. కాబట్టి స్కోప్ సినిమాకు పైనా కిందా నల్ల పట్టీలు రావడం, పాత సినిమాకు పక్కల నల్ల పట్టీలు రావడం ఆ టీవీ ఆకారంలోనే ముందుగా అనుకున్న విషయం.

ఇప్పుడు నష్టం లెక్క చూద్దాం. 2.39 సినిమాను 16:9 తెర నిండా పెడితే ఇరుపక్కలా కలిపి దాదాపు 26 శాతం బొమ్మ పోతుంది, అంటే నాలుగో వంతుకు పైనే. 4:3 టీవీల కాలంలో పోయింది 44 శాతం. పాత 1.37 సినిమాను తెర నిండా పెడితే పైనా కిందా కలిపి 23 శాతం పోతుంది, తలలూ కాళ్లూ తెగుతాయి. 1.85 సినిమాకు పోయేది 4 శాతమే. దాని గురించి పట్టించుకోకండి. మన ఓపికంతా స్కోప్ సినిమాల కోసం, పాత నలుపు తెలుపు సినిమాల కోసం దాచుకోవాలి.

మొదటి పని: మీ టీవీని అనుమానించండి

ఛానల్ మీద కోపం తెచ్చుకునే ముందు ఇంట్లో వెతకండి. ఛానల్ సరిగ్గానే పంపిన సినిమాను మన సెట్‌టాప్ బాక్సో టీవీయో చెడగొట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

రిమోట్‌లో పిక్చర్ సైజ్, స్క్రీన్ మోడ్, వైడ్ మోడ్, యాస్పెక్ట్ అని రకరకాల పేర్లతో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది 16:9 మీద ఉండాలి. జూమ్, సినిమా జూమ్, వైడ్ జూమ్, స్మార్ట్, పనోరమా లాంటివాటి మీద ఉంటే మార్చేయండి. ముఖ్యంగా "ఆటో" అన్న మాటను నమ్మకండి. కొన్ని టీవీల్లో ఆటో అంటే నల్ల పట్టీ కనిపించగానే తనే జూమ్ చేసేయడం.

తర్వాత ఓవర్‌స్కాన్. పాత పిక్చర్ ట్యూబుల్లో అంచులు వంకరగా వచ్చేవి కాబట్టి బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులను చట్రం వెనక దాచేవాళ్లు. ఇప్పటి ప్యానెళ్లకు ఆ అవసరమే లేదు. అయినా ఆ అలవాటు చాలా టీవీల్లో ఇంకా ఉంది, నాలుగు వైపులా కొంత కొంత తినేస్తుంది. దాన్ని ఆపే సెట్టింగ్‌కు ఎల్జీ టీవీల్లో జస్ట్ స్కాన్, సామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ఫుల్ పిక్సెల్ అని పేర్లు. మీ టీవీలో ఇంకో పేరు ఉండొచ్చు, డాట్ బై డాట్ అని కూడా అంటారు. అది పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే అదే హెచ్‌డీఎంఐ పోర్టుకు ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. కింద టాస్క్‌బార్ మొత్తం, పైన విండో మూసే గుర్తు మొత్తం కనిపిస్తే ఓవర్‌స్కాన్ లేనట్టే. ఒక మాట గుర్తుంచుకోండి: చాలా టీవీలు ఈ సెట్టింగ్‌ను ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా దాచుకుంటాయి. ల్యాప్‌టాప్‌ను ఒక పోర్టులో పెట్టి సరిచేసి, సెట్‌టాప్ బాక్సు ఇంకో పోర్టులో ఉంటే మీరు సరిచేసింది దానికి వర్తించదు.

2019 తర్వాత వచ్చిన కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటుంది. సినిమా అసలు ఆకారం, అసలు ఫ్రేమ్ రేటు మార్చకుండా చూపించడానికి టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి తెచ్చిన పద్ధతి అది. ఉంటే పెట్టుకోండి.

ఇప్పుడు సెట్‌టాప్ బాక్సు. దాని మెనూలో టీవీ టైప్ అనో డిస్‌ప్లే అనో ఒక చోటు ఉంటుంది. అక్కడ టీవీ ఆకారం 16:9 అని ఉండాలి. ఎన్నో ఇళ్లలో పాత టీవీ పోయి కొత్తది వచ్చినా బాక్సు మాత్రం ఇంకా 4:3 టీవీకే పంపుతున్నట్టు అనుకుంటుంది. దాని పక్కనే లెటర్‌బాక్స్, పాన్ స్కాన్, ఫుల్ అని మూడు ఎంపికలు కనిపిస్తాయి. లెటర్‌బాక్స్ అంటే బొమ్మ మొత్తం ఉంచి మిగిలిన చోట నలుపు నింపడం. పాన్ స్కాన్ అంటే కోసి నింపడం. ఫుల్ అంటే సాగదీసి నింపడం. లెటర్‌బాక్స్ ఎంచుకోండి. కొన్ని బాక్సుల్లో దాన్నే పిల్లర్‌బాక్స్ అనో ఒరిజినల్ అనో అంటారు.

ఇదంతా అయ్యాక వార్తల ఛానల్ ఒకటి పెట్టండి. కింద పరుగెత్తే అక్షరాలు, మూలన ఉన్న లోగో పూర్తిగా కనిపిస్తున్నాయా? యాంకర్ ముఖం మనిషి ముఖంలా ఉందా? ఉంటే మీ వైపు తప్పు లేదు.

రెండో పని: ఛానల్ కోసిందో లేదో పట్టుకోండి

అన్నిటికంటే తేలికైన ఆధారం టైటిల్స్‌లోనే దొరుకుతుంది. పేర్లు అంచుదాకా రాసి ఉంటాయి కాబట్టి కోస్తే అక్షరాలు తెగుతాయి. అందుకని కొన్ని ఛానళ్లు టైటిల్స్ అయ్యేవరకు పట్టీలతో పూర్తి వెడల్పు చూపించి, చివరి పేరు పోగానే బొమ్మను పెద్దది చేసేస్తాయి. నేను మొదటిసారి దాన్ని పట్టుకున్నది ఒక రైలు సీనులో. పేర్లు పడుతున్నంతసేపూ పొలాల మీదుగా వెళ్లే రైలు ఇంజను నుంచి చివరి పెట్టె దాకా కనిపించింది. దర్శకుడి పేరు చెరిగిపోయిన మరుక్షణం తెర నిండుకుంది, ఇంజనూ పోయింది, చివరి పెట్టే పోయింది. ఎడమ అంచున పొగ మాత్రం మిగిలింది. ఇలాంటి మార్పు కనిపిస్తే ఇంక వేరే రుజువు అక్కర్లేదు, టైమ్ రాసి పెట్టుకోండి.

టైటిల్స్ చూడటం కుదరకపోతే గుండ్రటి వస్తువు కోసం చూడండి. గోడ గడియారం, బండి చక్రం, నిండు చంద్రుడు. అది కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటే కోత కాదు, సాగదీత. పాత 4:3 సినిమాలకు ఎక్కువగా జరిగేది ఇదే: సన్నటి హీరోయిన్‌కు కూడా బుగ్గలు ఉబ్బి కనిపిస్తాయి. నిలువుగా సాగి మనుషులు పీలగా కనిపిస్తే వెడల్పు సినిమాను పక్కల నుంచి నొక్కారన్నమాట. గుండ్రంగానే ఉండి మనుషులు అంచుల్లో తెగుతుంటే అది కోత.

కోతలోనూ రెండు రకాలు. ఒకటి, మధ్య భాగాన్ని మాత్రమే ఉంచి రెండు పక్కలనూ సమానంగా తీసేయడం. రెండోది పాన్ అండ్ స్కాన్: ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు బొమ్మను జరుపుతూ పోవడం. దీన్ని గుర్తుపట్టడానికి కెమెరా కదలికను గమనించండి. నిజమైన కెమెరా జరిగితే ముందున్న వస్తువులు, వెనకున్న వస్తువులు వేర్వేరు వేగంతో జరుగుతాయి, ఉన్నచోటే తిరిగితే అంచుల్లో ఆకారం కాస్త మారుతుంది. పాన్ అండ్ స్కాన్‌లో గోడ, మనిషి, కిటికీ అంతా ఒకే అట్టముక్కలా కలిసి పక్కకు జారుతుంది. ఒక్కోసారి అలా జరపడానికి బదులు మధ్యలో కట్ చేస్తారు. ఇద్దరూ ఒకే ఫ్రేములో కూర్చుని ఒకరి మౌనాన్ని ఒకరు భరించే సీను కాస్తా ఇటొక ముఖం అటొక ముఖంగా ముక్కలైపోతుంది. దర్శకుడు పెట్టని కట్ అది. నాకు అంచులు పోవడం కన్నా ఇదే ఎక్కువ బాధగా ఉంటుంది, ఎందుకంటే సీను నడక కూడా మారిపోతుంది.

అనుమానం గట్టిపడ్డాక కొలవండి. సినిమాల వివరాలు ఉండే ఐఎండీబీ వెబ్‌సైట్‌లో ఆ సినిమా పేజీ తెరిచి టెక్నికల్ స్పెక్స్ కిందికి వెళ్తే యాస్పెక్ట్ రేషియో ఉంటుంది. డిస్క్ ఉంటే అట్ట వెనక కూడా రాసి ఉంటుంది. తర్వాత టీవీ మీద వెలుతురున్న భాగం వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి భాగించండి. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53.5. 2.39 సినిమా సరిగ్గా వస్తే బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లు ఉండి, పైనా కిందా దాదాపు 7 సెంటీమీటర్ల చొప్పున పట్టీలు వస్తాయి. 55 అంగుళాల టీవీలో ఆ పట్టీ 9 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. 1.85 సినిమాకు 43 అంగుళాల తెరమీద పట్టీ ఒక్క సెంటీమీటరే. 1.37 సినిమాకు పక్కపట్టీలు చెరొక 11 సెంటీమీటర్లు. టీవీ గాజును నొక్కకుండా, టేపును కాస్త ఎడంగా పట్టుకుని కొలవండి.

పట్టీలు ఉన్నంత మాత్రాన సినిమా మొత్తం ఉందనుకోకండి. 2.39 సినిమాను పక్కల కొంత కోసి 2.0 చేసి సన్నటి పట్టీలతో చూపించడం కూడా ఉంది. కొలిస్తేనే అది దొరుకుతుంది. ఇంకో మంచి పద్ధతి అదే సినిమా ట్రైలర్‌ను ఫోన్‌లో పెట్టి, ట్రైలర్‌లో ఉన్న షాట్ టీవీలో వచ్చినప్పుడు అంచుల్లో ఏముందో పోల్చి చూడటం. ట్రైలర్లో కుడి చివర తలుపు దగ్గర నిలబడిన మనిషి టీవీలో లేకపోతే విషయం తేలిపోయినట్టే.

ఇక్కడ తొందరపడి తప్పు పట్టకూడని సందర్భాలు రెండున్నాయి. కొన్ని సినిమాలను కెమెరాలో ఎక్కువ ఎత్తుతో తీసి, థియేటర్లో పైనా కిందా మూసి వెడల్పుగా చూపిస్తారు. టీవీకి ఆ మూత తీసేసి ఇస్తే పట్టీలు లేకపోయినా పక్కలు తెగవు, పైనా కిందా అదనంగా కనిపిస్తుంది. దీన్ని ఓపెన్ మ్యాట్ అంటారు. దర్శకుడు కూర్చిన ఫ్రేము అది కాదు, ఒక్కోసారి పై నుంచి మైకు కూడా దిగివస్తుంది, కానీ కోత అని రాస్తే ఛానల్‌వాళ్లు మీ మాట కొట్టిపారేస్తారు. రెండోది, సినిమాయే మధ్యలో ఆకారం మార్చుకోవడం. "ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్" మూడు కాలాలకు 1.37, 1.85, 2.35 అని మూడు కొలతలు వాడుతుంది. "ది డార్క్ నైట్" డిస్క్‌లో ఐమాక్స్ కెమెరాతో తీసిన భాగాలు తెర నిండా వచ్చి, మిగతావి పట్టీలతో ఉంటాయి. అలాంటిచోట పట్టీలు మారితే కంగారు పడకండి.

మూడో పని: జూమ్ జోలికి పోకుండా కళ్లను అలవాటు చేసుకోండి

సరైన బొమ్మ వస్తున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "సగం టీవీ ఖాళీగా ఉందేంటి?" అని రిమోట్ అందుకుంటారు. వాదించకండి. మనుషులు రెండు చివర్లా ఉన్న షాట్ దగ్గర పాజ్ చేసి, జూమ్ నొక్కి చూపించండి. మళ్లీ తీసేసి చూపించండి. చివరన ఉన్న మనిషి మాయమై తిరిగి రావడం కళ్లారా చూశాక మా ఇంట్లో ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

పట్టీలు కంటికి ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా అవి నల్లగా లేనప్పుడే. ఎల్‌సీడీ టీవీల్లో చీకటి గదిలో పట్టీలు బూడిదరంగులో మెరుస్తాయి. బ్యాక్‌లైట్ తగ్గించండి, టీవీ వెనక గోడమీద పడేలా చిన్న దీపం ఒకటి పెట్టండి, గదిలో మిగతా లైట్లు ఆపేయండి. పట్టీ దాదాపు కనిపించకుండా పోతుంది. కుర్చీని కూడా మామూలు కన్నా ఒక అడుగు ముందుకు జరపండి. స్కోప్ బొమ్మ టీవీలో ఎత్తు తగ్గుతుంది కాబట్టి దగ్గరగా కూర్చుంటేనే ఆ విశాలం అనుభవంలోకి వస్తుంది.

జూమ్ న్యాయమైన సందర్భం ఒక్కటే ఉంది. పాత మాస్టర్ టేపులో, అంటే ప్రసారానికి వాడే మూల ప్రతిలో, వెడల్పు సినిమాను 4:3 చట్రంలో పట్టీలతో ఎక్కించి ఉంటారు. ఛానల్ దాన్ని యథాతథంగా 16:9లో పెడితే నాలుగు వైపులా నలుపు, నడుమ చిన్న బొమ్మ వస్తుంది. అప్పుడు జూమ్ నొక్కండి, బయటి నలుపే పోతుంది గానీ బొమ్మ పోదు. సబ్‌టైటిల్స్ కింది పట్టీలో ఉంటే అవి తెగుతాయేమో చూసుకోండి.

నాలుగో పని: ఛానల్‌కు రాయండి

కోత ఛానల్‌దే అని తేలితే మన దగ్గరున్న ఆయుధం ఉత్తరమే. దాని కంటే ముందు వాళ్లు అలా ఎందుకు చేస్తారో అర్థం చేసుకుంటే ఉత్తరం సూటిగా వస్తుంది.

ఒక కారణం, హక్కులతో పాటు వాళ్లకు అందిన మాస్టరే కోసినది కావడం. 4:3 రోజుల్లో టీవీ కోసం తయారుచేసిన ప్రతులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రెండో కారణం, పట్టీలు చూసి ఫోన్లు చేసే ప్రేక్షకులు. పాత టీవీల మీద ఆ ఫిర్యాదులో కొంత న్యాయం ఉండేది: బొమ్మను 576 అడ్డగీతలుగా పంపే ప్రసారంలో స్కోప్ బొమ్మకు దక్కేది 320 గీతల దరిదాపు మాత్రమే. చిన్న తెరమీద అది నిజంగానే మసకగా ఉండేది. ఇప్పటి 1080 గీతల ప్రసారంలో స్కోప్ బొమ్మకు 803 గీతలు దక్కుతాయి. పాత ప్రసారంలో తెర నిండా వచ్చిన బొమ్మకన్నా అది ఎక్కువే. కాబట్టి ఆ కారణానికి కాలం చెల్లింది. మూడోది కేవలం అజాగ్రత్త. బొమ్మతో పాటు ఏఎఫ్‌డీ అనే చిన్న సంకేతం వెళ్తుంది. ఈ చట్రంలో అసలు బొమ్మ ఎంతమేర ఉందో అది పరికరాలకు చెబుతుంది. అది తప్పుగా ఉంటే దారిలో ఏదో ఒక యంత్రం తనంతట తానే కోసేస్తుంది, స్టూడియోలో కూర్చున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఇది మీరు రాస్తే తప్ప బయటపడని తప్పు.

మీరే ఛానల్‌లో పనిచేస్తుంటే మీకు నా విన్నపం వేరు: హక్కులు కొనే ఒప్పందంలోనే "థియేటర్ కొలతలో మాస్టర్" అని రాయించండి. సబ్‌టైటిల్స్‌ను పట్టీలో కాకుండా బొమ్మ లోపలే ఉంచండి, ఎవరైనా జూమ్ చేసినా మాటలు మిగులుతాయి. లోగోను మాత్రం పై పట్టీలోకి నెట్టండి, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ప్రసారానికి ముందు టైటిల్స్ ఒక్కటే చూసి వదిలేయకుండా మధ్యలో ఒక రీలు కూడా చూడండి.

ఇలా అడగడం కొత్తేమీ కాదు. 1979 నాటి "మాన్‌హాటన్"ను కోయకూడదని దాని దర్శకుడు వుడీ అలెన్ పట్టుబట్టడం వల్ల అది వీడియో క్యాసెట్ల కాలంలోనే పట్టీలతో వచ్చింది. తన సినిమాను కోసి చూపించినందుకు అమెరికన్ దర్శకుడు సిడ్నీ పోలాక్ డెన్మార్క్ ప్రభుత్వ టీవీ మీద కోర్టుకెక్కాడు. 1997లో తీర్పు వేరే చట్టపరమైన కారణంతో టీవీవాళ్ల వైపే వచ్చినా, అలా కోయడం దర్శకుడి హక్కును దెబ్బతీయడమేనని కోర్టు ఒప్పుకుంది. అమెరికాలో 1994లో మొదలైన టర్నర్ క్లాసిక్ మూవీస్ పాత సినిమాలను వాటి సొంత ఆకారంలో చూపించడాన్నే తన గుర్తింపుగా చేసుకుంది. అలా చూపించే ఛానళ్లకు ప్రేక్షకులు దొరుకుతారనడానికి అదొక ఉదాహరణ.

ఇక ఉత్తరం. "మీ ఛానల్‌లో సినిమాలన్నీ కోసేస్తున్నారు" అని రాస్తే ఎవరూ చదవరు. ఒక్క సినిమా, ఒక్క తేదీ, ఒకటి రెండు షాట్లు. నేను రాసే తీరు ఇది:

"నమస్కారమండీ. ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు మీ హెచ్‌డీ ఛానల్‌లో ఫలానా సినిమా చూశాను. ఆ సినిమా అసలు కొలత 2.39. టైటిల్స్ వరకు అదే కొలతలో చూపించారు. 9 గంటల 4 నిమిషాల నుంచి బొమ్మ తెర నిండా వచ్చింది, ఇరుపక్కలా తెగింది. 9 గంటల 31 నిమిషాలకు వచ్చే భోజనాల బల్ల సీనులో మాట్లాడుతున్న ఇద్దరూ తెరమీద లేరు. ఫొటో జతచేశాను. నా టీవీ, సెట్‌టాప్ బాక్సు సెట్టింగ్స్ సరిచూసుకున్నాను. మీ ఇతర కార్యక్రమాలు సరిగ్గానే వస్తున్నాయి. మళ్లీ ప్రసారం చేసేటప్పుడు అసలు కొలతలో చూపించగలరా? నల్ల పట్టీలు నాకు ఇష్టమే. మీకు అందిన మాస్టరే అలా ఉంటే ఆ మాట చెప్పండి చాలు."

చివరి రెండు వాక్యాలు వదలకండి. పట్టీలు కావాలనేవాళ్లు కూడా ఉన్నారని వాళ్లకు లెక్కల్లో కనిపించాలి. తప్పు ఎవరిదో చెప్పడానికి వాళ్లకు ఒక గౌరవమైన దారి కూడా ఇవ్వాలి. ఈమెయిల్‌ను ప్రేక్షకుల విభాగానికి పంపి, సినిమాల షెడ్యూల్ చూసే ప్రోగ్రామింగ్ విభాగానికి కూడా ఒక ప్రతి పెట్టండి. ఫొటో తీసేటప్పుడు టీవీ చట్రం నాలుగు అంచులూ ఫొటోలో పడాలి, లేకపోతే మీ ఫోనే కోసిందంటారు. మీతో పాటు చూసేవాళ్లు ఉంటే సంతకాలు కలిపి ఒకే ఉత్తరం పంపడం కన్నా ఎవరి మాటల్లో వాళ్లు విడివిడిగా రాయడం మంచిది.

సరిగ్గా చూపించిన రోజు కూడా రాయండి. రెండు వాక్యాలు చాలు: ఏ సినిమా, ఏ రోజు, పూర్తి వెడల్పుతో చూపించినందుకు ధన్యవాదాలు. పట్టీల మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఆ రాత్రే ఫోన్ చేస్తారు, సంతోషపడ్డవాళ్లు మాత్రం నిద్రపోతారు. అందుకే పట్టీలు ఎవరికీ ఇష్టం లేదని ఛానల్‌వాళ్లు అనుకుంటారు.

రైలు సీను గురించి నేను రాసిన ఉత్తరానికి మూడు వారాల తర్వాత ఒక్క వాక్యం జవాబు వచ్చింది, పరిశీలిస్తామని. కొన్ని నెలలకు అదే సినిమా మధ్యాహ్నం వేశారు. టేపు పట్టుకుని కూర్చున్నాను. దర్శకుడి పేరు చెరిగింది, పట్టీలు కదల్లేదు. ఏడు సెంటీమీటర్లు పైన, ఏడు కింద. రైలు ఇంజను నుంచి చివరి పెట్టె దాకా పొలాల మీదుగా వెళ్లింది. మీరు కూడా ఉత్తరం రాసిన సినిమా పేరు, తేదీ ఒక చోట రాసిపెట్టుకుని, షెడ్యూల్‌లో అది మళ్లీ కనిపించిన రోజు టైటిల్స్ అయ్యేదాకా కాకుండా ఆ తర్వాత పది నిమిషాలు కూడా చూడండి.